పాత పికప్‌కి కొత్త టైర్లు

వైరా నుంచి ఖమ్మం మార్కెట్‌కు మిర్చి బస్తాలు మోసే మీ పాత పికప్‌కి టైర్లు అరిగిపోయాయా? దుకాణానికి వెళ్లేముందు టైరు పక్కన ఉన్న అంకెలు చదవండి. 215/75 ఆర్15 అని ఉంటే వెడల్పు 215 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 75 శాతం, రిమ్ము 15 అంగుళాలు. ఆర్ అంటే రేడియల్.

లావు టైరేస్తే బండి దర్జాగా ఉంటుందని కుర్రాళ్లు 235 వేయిస్తుంటారు. దర్జా మాట నిజమే! లెక్క కూడా చూడండి మరి. మిగతా అంకెలు అవే అయినా చక్రం మొత్తం ఎత్తు సుమారు 703 నుంచి 733 మిల్లీమీటర్లకు పెరుగుతుంది. బండి నేల నుంచి లేచేది అందులో సగమే. మీటరు సరిగ్గా ఉన్న బండిలో ముల్లు 60 దగ్గరుంటే అసలు వేగం 62 దాటుతుంది. నిండు లోడుతో తల్లాడ వైపు మలుపు తిరిగితే టైరు మడ్‌గార్డుకు రాసుకోవచ్చు.

నన్నడిగితే సైజు కన్నా టైరు మోయగల బరువు ముఖ్యం. అదే సైజులో కారు టైరు చవగ్గా దొరికినా తీసుకోకండి. ఆ బరువును చెప్పే ప్లై రేటింగు, లోడ్ ఇండెక్స్ బండి కంపెనీ చెప్పినదానికి తగ్గకూడదు. తయారీ తేదీ కూడా టైరు మీదే ఉంటుంది: 2319 అంటే 2019లో 23వ వారం. కొత్తగా మెరుస్తున్న టైరు గోదాములో ఏళ్లు గడిపినదే కావచ్చు.