మాస్టారి కెమెరాకి 1.35 వోల్టులు

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"ఇంజనీరువి కదా, ఏదైనా టెక్నికల్ విషయం మాట్లాడు" అన్నారు నిర్వాహకులు. పెద్ద విషయాల జోలికి పోను. రూపాయి బిళ్ళ కన్నా చిన్నదైన ఒక బ్యాటరీ గురించి చెప్తాను. దాని కోసం నేను రెండు నెలలు తిరిగాను.

1985 టెన్త్ బ్యాచ్ వాళ్ళకి మన సైన్స్ మాస్టారి కెమెరా గుర్తుండే ఉంటుంది. మినోల్టా ఎస్.ఆర్.టి. 101. ఓడ మీద పనిచేసే ఆయన బావమరిది తెచ్చిచ్చింది. గోవాడ షుగర్ ఫ్యాక్టరీకి వెళ్ళే చెరకు బళ్ళని, మన స్పోర్ట్స్ డేని, మా గ్రూప్ ఫోటోని దానితోనే తీశారు. అప్పుడు మనది విశాఖపట్నం జిల్లా. 2022 ఏప్రిల్లో ఊరు కదలకుండానే అనకాపల్లి జిల్లా అయింది. కెమెరా మాత్రం మాస్టారి బీరువాలోనే ఉంది.

ఈ సభ సంగతి చెప్పడానికి వెళ్తే ఆయన కెమెరా తీసి నా చేతిలో పెట్టారు. "షట్టర్ పడుతోందిరా. మీటర్ ముల్లు కదలట్లేదు. కదిలేలా చేస్తే ఆ రోజు ఫోటో నేనే తీస్తాను" అన్నారు. మాస్టారికి ఎనభై దాటాయి. చెవులు బాగా మందగించాయి. నలుగురిలోకి రావడం మానేసి చాలా కాలమైంది. అలాంటి మనిషి తనంతట తాను వస్తానన్నారు. ఇక ఆ ముల్లు కదలకపోతే ఎలా?

ఈ కెమెరాలో షట్టర్‌కి బ్యాటరీతో పని లేదు, అంతా స్ప్రింగులే. బ్యాటరీ కావలసింది వెలుతురు కొలిచే మీటర్‌కి. లోపల కాడ్మియం సల్ఫైడ్ సెల్ ఉంటుంది. వెలుగు పెరిగితే దాని నిరోధం తగ్గుతుంది, కరెంటు పెరుగుతుంది, ముల్లు జరుగుతుంది. ఈ పాఠం మాస్టారు ఆ కెమెరా చూపించే చెప్పారు మాకు.

అడుగున మూత విప్పితే పాత బ్యాటరీ ఉంది. 625 సైజు పాదరసం బ్యాటరీ. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో శామ్యూల్ రూబెన్ అభివృద్ధి చేసిన రకం. వోల్టేజి 1.35. దాని గొప్పతనం ఏమిటంటే చివరిదాకా దాదాపు అదే 1.35 ఇచ్చి, ఆ తర్వాత ఒక్కసారిగా ఆగిపోతుంది. అందుకే ఆ రోజుల్లో చాలా కంపెనీలు దాన్ని నమ్ముకుని మీటర్లు తయారుచేశాయి.

ఇప్పుడవి దొరకవు. అమెరికా 1996లో చట్టం చేసి ఆపేసింది. పాదరసం మీద మినమాటా ఒప్పందం 2017లో అమల్లోకి వచ్చింది, 2018లో మన దేశమూ ధ్రువీకరించింది. మినమాటా జపాన్‌లో ఒక ఊరు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రంలో కలిసి, చేపల్లోకి చేరి, ఆ చేపలు తిన్న జనం నరాలు దెబ్బతిన్నాయి. 1956లో ఆ జబ్బు బయటపడింది. కాబట్టి ఈ బ్యాటరీ పోయిందని నాకేమీ బాధ లేదు. మీ ఇళ్ళలో ఉంటే చెత్తలో వేయకండి, ఈ-వేస్ట్ తీసుకునేవాళ్ళకి ఇవ్వండి.

విశాఖపట్నంలో ఫోటో స్టూడియోలు, వాచీ షాపులు తిరిగితే అదే సైజులో ఆల్కలైన్ బ్యాటరీ దొరికింది. వేశాను, ముల్లు కదిలింది. సంబరంగా ఒక రోల్ తీసి కడిగిస్తే ఫోటోలన్నీ చీకటి. తప్పు నాదే. ఆల్కలైన్ కొత్తలో 1.5 వోల్టులు, అంటే 11 శాతం ఎక్కువ. ఉన్నదానికన్నా వెలుతురు ఎక్కువుందని మీటర్ చెప్పింది, నేను నమ్మాను. పైగా వాడేకొద్దీ ఆ వోల్టేజి తగ్గుతూ పోతుంది, ఈరోజు తప్పు రేపటి తప్పు ఒకటి కాదు.

ఫోటోలు చూసి మాస్టారు, "కొలిచేముందు కొలబద్దని కొలవాలని చెప్పానా లేదా? పనిచెయ్యని మీటరే నయంరా, దాన్ని ఎవడూ నమ్మడు" అన్నారు. ముప్పై ఏళ్ళ సర్వీసు ఉన్నవాణ్ణి, మళ్ళీ బెంచీ ఎక్కినట్టయింది.

అంతలో ఆయన చెవి మెషీన్ ఆగిపోయింది. జేబులోంచి ఒక అట్ట తీశారు. దాని మీదున్న చిన్న బ్యాటరీకి నీలం కాగితం పీకి, కాసేపు గాలికి ఉంచి, మెషీన్‌లో పెట్టబోయారు. "మాస్టారూ, ఆగండాగండి, అదే నంబరు?" అని అరిచాను. మెషీన్ చేతిలో ఉంది కదా, ఆయనకి వినపడలేదు! అట్ట లాక్కుని చూశాను. 675, జింక్ ఎయిర్, 1.4 వోల్టులు. గాలిలోని ఆక్సిజన్‌తో పనిచేస్తుంది. పని మొదలెట్టాక 1.35కి దగ్గరగా నిలకడగా ఉండి, పాదరసం బ్యాటరీలాగే చివర్లో ఒక్కసారి ఆగిపోతుంది.

దాని వ్యాసం 11.6 మిల్లీమీటర్లు, కెమెరా గూడు దాదాపు 16. నీళ్ళ పైపుల షాపులో ఒక రబ్బరు వాషరు కొని చుట్టూ వేశాను. సరిగ్గా కూర్చుంది. ఈసారి నమ్మకుండా పరీక్షించాను. ఎర్రటి ఎండలో, 100 స్పీడు ఫిల్మ్‌కి, 1/125 సెకను దగ్గర మీటర్ ఎంత చెప్తుందో చూశాను. ఎఫ్ 16 చెప్పింది. పాత ఫోటోగ్రాఫర్ల లెక్క అదే.

మీ అటక మీద ఇలాంటి కెమెరా ఉంటే ఒక మాట. కాగితం పీకాక ఈ బ్యాటరీ వాడినా వాడకపోయినా కొన్ని వారాలే. ఎక్కువ కాలం ఉండాలంటే 1.55 వోల్టుల సిల్వర్ ఆక్సైడ్ బ్యాటరీ వేసి, 0.2 వోల్టు తగ్గించే చిన్న డయోడ్ పెట్టించుకోవచ్చు. పెంటాక్స్ స్పాట్‌మాటిక్ లాంటి వాటికి వోల్టేజి కాస్త అటూఇటూ అయినా ఫరవాలేదు, లోపల బ్రిడ్జి సర్క్యూట్ ఉంది. ఒలింపస్ ట్రిప్ 35కి అసలు బ్యాటరీయే అక్కర్లేదు. ఏదైనా పిల్లలకి అందనివ్వకండి, బటన్ బ్యాటరీ మింగితే ప్రాణం మీదకొస్తుంది.

మాస్టారు ముందు వరసలో కూర్చున్నారు. చెవిలో ఒక 675, ఒళ్ళో ఉన్న కెమెరాలో ఇంకొకటి. రెండూ ఈరోజు పొద్దున్నే మార్చాం. సాయంత్రం నాలుగున్నరకి గ్రౌండ్‌లో గ్రూప్ ఫోటో. 1985లోలాగే పొడుగువాళ్ళు వెనక్కి. ఆయన "రెడీయా?" అని అడుగుతారు. అందరం కాస్త గట్టిగా జవాబు చెప్దాం.