పెద్దల యాదే పట్టా కాయితం

(పాలస్తీనాకు సంఘీభావంగా జరిగిన సభలో చేసిన ప్రసంగ పాఠం)



1948 అనంగనే మన ఇండ్లల్ల పెద్దమనుషులు పోలీస్ యాక్షన్ యాది చేస్తరు. అదే ఏడును పాలస్తీనా పెద్దలు 'నక్బా' పేరుతోని యాది చేస్తరు. నక్బా అంటే మహావిపత్తు. ఇజ్రాయెల్ ఏర్పడ్డ ఆ యుద్ధకాలంల సుమారు ఏడున్నర లక్షల మంది పాలస్తీనీయులు ఊర్లు విడిచిపోవాల్సి వచ్చింది. నాలుగు వందలకు పైగా ఊర్లు ఖాళీ అయినయి. చాలా ఊర్లను నేలమట్టం చేసిండ్రు. నాలుగు దినాలల్ల తిరిగొస్తమనుకొని ఇంటికి తాళమేసి, తాళంచెవి వెంట తీసుకపోయినోళ్లు మళ్లా ఆ గడప తొక్కలేదు. 1967 యుద్ధంల మరో మూడు లక్షల మంది నిర్వాసితులైండ్రు. అండ్ల కొందరికి అది రెండోసారి.

మిత్రులారా, ఊరే లేకుండ పోయినంక ఆ ఊరుండెనని రుజువేంది? కాయితాలు గెలిచినోని చేతిలుంటయి. 1982ల ఇజ్రాయెల్ సైన్యం బీరూట్‌లకు వచ్చినప్పుడు అక్కడి పాలస్తీనా పరిశోధన కేంద్రం పుస్తకాలను, పత్రాలను ఎత్తుకపోయింది. అట్లాంటప్పుడు ఓడినోని దగ్గర మిగిలేది ముసలోళ్ల యాది ఒక్కటే.

ఆ యాదిని వాళ్లు గాలికి వదిలెయ్యలేదు. వలీద్ ఖాలిదీ సంపాదకత్వంల 1992ల వచ్చిన పుస్తకం 418 ఊర్ల వివరాలు ఊరూరుగ నమోదు చేసింది. 2002ల లెబనాన్‌ల మొదలైన 'నక్బా ఆర్కైవ్' వాళ్లు శరణార్థి శిబిరాలు తిరిగి, మొదటి తరం మనుషుల ముచ్చట్లు వందల సంఖ్యల వీడియో తీసిండ్రు. శిబిరాలల్ల పెద్దలు తమ ఊరి మీద తామే పుస్తకాలు రాసుకున్నరు. అండ్ల ఏముంటది? బావి ఎక్కడుండె, ఆలివ్ తోట ఎవరిది, ఏ వాడకట్టుల ఏ ఇల్లు, పెండ్లికి ఏ పాట. చిన్న ముచ్చట్లే. కానీ ఊరు పోయినోళ్లకు అవే పట్టా కాయితాలు.

ఇండ్ల మనం నేర్వాల్సిన పాఠం ఒకటున్నది. హైఫాకు దక్షిణాన సముద్రపు ఒడ్డున తంతూరా అనే ఊరుండె. 1948 మే నెలల ఆ ఊరు సైన్యం చేతికి వచ్చినంక లొంగిపోయినోళ్లను చంపిండ్రని అక్కడోళ్లు చెప్తుండిరి. టెడ్డీ కాట్జ్ అనే ఇజ్రాయెలీ విద్యార్థి అటు ఊరోళ్లను, ఇటు పాత సైనికులను అడిగి టేపులు చేసిండు. 2000ల ఆ సంగతి పత్రికకెక్కంగనే పాత సైనికులు పరువునష్టం దావా వేసిండ్రు. టేపుల్ల ఉన్న మాటకు, ఆయన రాసిన రాతకు కొన్నిచోట్ల తేడాలు దొరికినయి. ఆయన తన మాట వెనక్కి తీసుకుంటున్నట్టు సంతకం పెట్టిండు. తర్వాత ఆ సంతకం చెల్లదన్నా కోర్టు వినలేదు. కానీ టేపులు మిగిలినయి. 2022ల వచ్చిన 'తంతూరా' సినిమా ఆ టేపులను లోకానికి వినిపించింది. ముసలోళ్లైన సైనికులు కొందరు ఆ సినిమాలనే నోరు విప్పిండ్రు.

కాబట్టి టేపును కాపాడాలె. చెప్పినమాట చెప్పినట్టే రాయాలె. మన ఆవేశంతోని దాన్ని దిద్దితే ఎదుటోనికి మనమే ఆయుధమిచ్చినట్టు. మేము ఏ మతం మీదనో ద్వేషంతోని ఈ మాట చెప్తలేము. ఆ టేపులు చేసినాయన ఇజ్రాయెలీయే.

ఈ పని మనకు కొత్తది కాదు. స్త్రీశక్తి సంఘటన అక్కలు సాయుధ పోరాటంల నిలిచిన ఆడవాళ్లను అడిగి, 1986ల 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చిండ్రు. వాళ్లు అడగకపోతే ఆ తల్లుల మాట వాళ్లతోనే మట్టిల కలిసిపోవు.

1948ల పదేండ్ల పిల్లకు ఇప్పుడు తొంభై దగ్గరపడ్డది. 2023 అక్టోబర్‌ల హమాస్ దాడి తర్వాత మొదలైన యుద్ధంల గాజాల సుమారు 19 లక్షల మంది ఇండ్లు విడిచిండ్రు. 1948ల తల్లి చెయ్యి పట్టుకొని నడిచొచ్చినోళ్లు ముసలితనంల మళ్లా గుడారం పాలైండ్రు. వాళ్లల్ల ఒక్కరు పోతే ఒక ఊరు రెండోసారి పోయినట్టే.

మన రాష్ట్రం 2014ల వచ్చింది. 1948ని, 1969ని కండ్లార చూసినోళ్లు మన ఇండ్లల్ల ఇంకా కొందరున్నరు. ఈ సభ నుంచి ఇంటికి పోయినంక వాళ్ల పక్కన కూసోండి. ఊరి పేరు, మనిషి పేరు, దినం అడగండి. చెప్పింది చెప్పినట్టే రాసి దాచిపెట్టండి. పాలస్తీనా ముసలోళ్లకు మనం చేసే అసలైన సంఘీభావం అదే.

జై తెలంగాణ!