ఊరు విడిచినవాడికే ఊరిపేరు
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

  

ఈ బడిలో చదివినవాణ్ణి, తర్వాత ఇక్కడే తెలుగు చెప్పినవాణ్ణి. కార్యదర్శి గారు ఫోన్ చేసి, "సార్, మన ప్రాంతానికి సంబంధించింది ఏదైనా చెప్పండి, అరగంట దాటొద్దు" అన్నారు. అదే ఫోన్‌లో ఇంకో మాట కూడా చెప్పారు. యాభై ఏళ్ళ పాత విద్యార్థులందరి పేర్లతో ఒక చిరునామాల పుస్తకం అచ్చు వేస్తున్నారట. దాని ప్రతి నాకు పంపారు. తిరగేశాను. కె.నాగరాజులు పదకొండు మంది ఉన్నారు. ఆ "కె" ఏమిటో ఎవరికీ తెలియదు. అందుకే ఈరోజు ఇంటిపేర్ల గురించి మాట్లాడతాను.

మన జిల్లా కేంద్రం పేరే ఒక ఇంటిపేరు. అరుదైన ఇంటిపేరు. పుట్టపర్తి అంటే ఇవాళ లోకానికి తోచేది వేరు కావచ్చు. తెలుగు చదువుకున్నవాళ్ళకు మాత్రం ఆ మాటతో ముందు గుర్తొచ్చేది శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యులు. ఆయన పుట్టింది పుట్టపర్తిలో కాదు. 1914 మార్చి 28న అనంతపురం దగ్గరి చియ్యేడులో పుట్టారు. ఎక్కువకాలం బతికింది కడప జిల్లాలో. ఇక పుట్టపర్తిలో పుట్టి, అక్కడే ఉండి, ఆ ఊరి పేరును దేశదేశాలకు చేర్చిన సత్యసాయిబాబా గారి ఇంటిపేరేమిటి? రత్నాకరం. ఊళ్ళో ఉన్నవాళ్ళకు ఊరిపేరు లేదు, ఊళ్ళో లేనివాళ్ళకు ఉంది. ఇది విడ్డూరమేమీ కాదు, ఊరి పేర్లతో వచ్చే ఇంటిపేర్లకు ఇదే సూత్రం.

ఆలోచించండి. పుట్టపర్తిలో అందరూ పుట్టపర్తి వాళ్ళే. అక్కడ నిలబడి "పుట్టపర్తి రాముడెవరప్పా?" అని అడిగితే నవ్విపోతారు. అదే రాముడు పెళ్ళాం బిడ్డలతో బండి కట్టుకుని ధర్మవరం పోయి మగ్గం వేసుకుంటే, అక్కడివాళ్ళు "ఆ పుట్టపర్తోళ్ళు" అంటారు. కొడుకు నాటికి అది గుర్తు, మనవడి నాటికి ఇంటిపేరు. ఊరిపేరును ఇంటిపేరుగా మోస్తున్న ప్రతి కుటుంబంలోనూ ఎవరో ఒకరు ఎప్పుడో ఒకప్పుడు ఊరు విడిచారన్నమాట. కరువుకో, పెళ్ళికో, కొలువుకో, అప్పులకో.

నారాయణాచార్యుల వంశం వారు చెప్పుకొనే కథ ఇంకా బాగుంటుంది. వారి అసలు ఇంటిపేరు తిరుమల వారు. విజయనగర రాజగురువులైన తాతాచార్యుల వంశం. చిత్రావతి ఒడ్డున పుట్టపర్తి చెరువుకు గండి పడి ఊరు దెబ్బతింటే, వీరి పూర్వీకులు దాన్ని మళ్ళీ కట్టించారట. అప్పటినుంచి పుట్టపర్తి వారయ్యారు. కొండ పేరు పోయి చెరువున్న ఊరి పేరు వచ్చింది. మన సీమలో చెరువు కట్టించినవాడికి అంతకంటే గొప్ప బిరుదు ఏముంటుంది?

ఆ పేరు అర్థం సంగతి. "పర్తి" చివర వచ్చే ఊళ్ళు తెలుగునాట ఇంకా ఉన్నాయి, వనపర్తి, అనపర్తి లాంటివి. మన ఊరి విషయంలో జనం చెప్పే కథ మీ అందరికీ తెలిసిందే. పూర్వం ఇది గొల్లపల్లి. ఆవు పాలు తాగుతున్న పామును గొల్లవాడు రాయి విసిరి చంపితే, ఆ శాపంతో ఊరంతా పుట్టలు లేచాయని, పుట్టవర్ధిని అన్న పేరే పుట్టపర్తి అయిందని అంటారు. కథను కథగానే తీసుకుందాం. పుట్ట అన్న ముక్క మాత్రం పేరులో నిక్షేపంగా ఉంది.

ఇంగ్లండులో కూడా ఇదే వరస. 1066లో నార్మన్లు వచ్చిన తర్వాత భూములున్న పెద్దలతో మొదలై, 1400 నాటికి దాదాపు అందరికీ తరతరాలకూ నిలిచే ఇంటిపేర్లు ఏర్పడ్డాయి. వాటిలో పెద్ద భాగం ఊళ్ళ పేర్లు, పొలాల పేర్లు, వాగుల పేర్లు. అక్కడ కూడా ఊరు విడిచినవాడికే ఊరిపేరు అంటుకుంది. యార్క్‌షైర్, లాంకషైర్ కొండ ప్రాంతాల్లో ఒక్క మారుమూల కమతం పేరే ఇంటిపేరైన కుటుంబాలున్నాయి. ఆరేడు వందల ఏళ్ళయినా వాళ్ళలో చాలామంది ఆ చుట్టుపక్కలే ఉంటారు. అరుదైన ఇంటిపేరు ఉన్నవాళ్ళంతా ఒక్క మూలపురుషుడి సంతానమా అని అక్కడ రక్తపరీక్షల దాకా వెళ్ళారు. ఆక్స్‌ఫర్డ్‌లో బ్రయాన్ సైక్స్ అనే ఆచార్యుడు తన ఇంటిపేరే ఉన్న మగవాళ్ళ జన్యువులను పరీక్షించి 2000లో ఫలితం ప్రకటించాడు. దాదాపు సగం మందికి ఒకే గుర్తు. సైక్స్ అంటే హద్దున పారే చిన్న వాగు. తర్వాత లెస్టర్ విశ్వవిద్యాలయం వాళ్ళు ఇంకా చాలా ఇంటిపేర్లను చూసి, పేరు ఎంత అరుదైతే మూలపురుషుడు ఒక్కడే అయ్యే అవకాశం అంత ఎక్కువని తేల్చారు. అరుదైన ఇంటిపేర్ల మీద పనిచేసే వాళ్ళకు అక్కడ 1979 నుంచి ఒక సంఘమే ఉంది.

మన దగ్గర ఈ లెక్క అంత తేలిగ్గా కుదరదు. ఒకే ఊరి నుంచి బాపనాయన, కాపు, సాలె, కంసాలి అందరూ వలసపోయారు. అందరికీ ఆ ఊరిపేరే అంటింది. ఇంటిపేరు ఒకటైనంత మాత్రాన రక్తం ఒకటి కాదు. ఒకే కులంలో మాత్రం ఇంటిపేరు కలిస్తే చాలామందిలో అన్నదమ్ముల వరస, సంబంధం కలుపుకోరు. "మీ ఇంటిపేరేంది?" అని పెళ్ళిచూపుల్లో మొదట అడిగేది అందుకే.

ఇంకో చిక్కుంది. ఊళ్ళే ఒకే పేరుతో రెండు మూడు ఉంటాయి. మన గోరంట్ల ఉంది, గుంటూరు దగ్గర ఇంకో గోరంట్ల ఉంది. మన పెనుగొండ ఉంది, గోదావరి జిల్లాలో వాసవీ కన్యకాపరమేశ్వరి పెనుగొండ ఉంది. ధర్మవరాలకైతే లెక్కే లేదు. కాబట్టి గోరంట్ల వారెవరైనా కనబడగానే "మావాడే" అని భుజం తట్టొద్దు. నారాయణాచార్యులు పసితనంలో రాసిన పెనుగొండ లక్ష్మి మాత్రం నిస్సందేహంగా మన పెనుగొండదే. ఆ కావ్యమే తర్వాత ఆయన విద్వాన్ పరీక్షకు పాఠ్యపుస్తకంగా వచ్చిందని చెప్పుకుంటారు.

మన ధర్మవరం నుంచి వెళ్ళినవారిలో గొప్పవాడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు. 1853లో పుట్టి బళ్ళారి చేరి, నాటకాలు రాసి ఆడించి, ఆంధ్ర నాటక పితామహుడనిపించుకున్నారు. ఆయన మేనల్లుడు 1880లో తాడిపత్రిలో పుట్టాడు. ఇంటిపేరు తాడిపత్రి, పేరు రాఘవాచార్యులు. లోకం ఆయన్ను ఏమని పిలిచింది? బళ్ళారి రాఘవ. మేనమామది విడిచిన ఊరు, మేనల్లుడికి జనం ఇచ్చింది చేరిన ఊరు. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మ గారిదీ అనంతపురం జిల్లా పల్లె పేరే. 1893లో ఆ రాళ్ళపల్లిలోనే పుట్టి మైసూరు మహారాజా కళాశాలలో తెలుగు చెప్పారు. తరిమెల నాగిరెడ్డి గారు తరిమెలలోనే పుట్టినా, రిషివ్యాలీ, మద్రాసు, కాశీ చదువులకు తిరిగిన మనిషి. 1952 ఎన్నికల్లో అనంతపురంలో ఆయన ఓడించింది సొంత బావ నీలం సంజీవరెడ్డి గారిని. నీలం ఊరిపేరు కాదు గానీ, ఈ మాట చెప్పకుండా ఉండలేకపోయాను.

తెలుగు మాస్టర్ని కాబట్టి ఒక వ్యాకరణం ముక్క. "ఊరు" చివర ఉన్న పేరు షష్ఠిలో "ఊరి" అవుతుంది. వేటూరు వాళ్ళు వేటూరి. "అం" చివర ఉంటే "అపు". వంగిపురం నుంచి వంగిపురపు. మన క్రికెటర్ లక్ష్మణ్ పేరులో మొదటి "వి" అదే. ధర్మవరం నుంచి ధర్మవరపు. ఇంగ్లీషువాళ్ళు పాత రోజుల్లో పేరు మధ్యలో "డి" అని ఒక ముక్క పెట్టి ఫలానా ఊరివాడని రాసేవాళ్ళు, తర్వాత అది రాలిపోయింది. తెలుగువాడు ఆ ముక్కను పేరు చివరనే దాచుకున్నాడు. మన సీమలో మాత్రం అది కూడా చేయం. కల్లూరు సుబ్బారావు, పప్పూరు రామాచార్యులు. ఊరిపేరు ఊరిపేరుగానే ఉంచుతాం. పక్కనున్న కన్నడం ప్రభావమేమోనని నా ఊహ.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఈ పేర్లను చంపుతున్నది ఒంటి అక్షరం.

ఎస్. రాధాకృష్ణన్ అని అందరం చదువుకున్నాం. ఉపాధ్యాయ దినోత్సవం నాడు ఆ పేరు నల్లబల్ల మీద రాసినవాణ్ణి నేను. ఆ "ఎస్" నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి. కుటుంబం తిరుత్తణి చేరినా ఊరిపేరు వదల్లేదు. హిందూపురానికి ఎంతో దూరం లేని ముద్దేనహళ్ళిలో పుట్టిన విశ్వేశ్వరయ్య గారి "ఎం" ప్రకాశం వైపు మోక్షగుండం. గొప్పవాళ్ళు కాబట్టి వాళ్ళ అక్షరాలను విప్పి చెప్పేవాళ్ళున్నారు. మన కె.నాగరాజుల అక్షరాలను ఎవరు విప్పుతారు? పైగా మనది 1953 దాకా మద్రాసు రాష్ట్రం. కొందరికి ఆ అక్షరం ఇంటిపేరు, కొందరికి తండ్రి పేరు, కొందరికి ఊరు. బడిలో చేర్చేటప్పుడు తండ్రి ఏది చెబితే అది, ఆయన చెప్పకపోతే అయ్యవారికి తోచింది.

లెక్క చూద్దామంటే జనాభా లెక్కల వాళ్ళు మన ఇంటిపేర్ల పట్టిక ప్రకటించరు. అమెరికా వాళ్ళు 2010 లెక్కల్లో వందమందికి తక్కువ కాకుండా ఉన్న ఇంటిపేర్లన్నీ ప్రకటించారు. మొత్తం 1,62,253. అక్కడికి వెళ్ళిన మన పిల్లల సంగతి వేరే. పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఉంటుంది. అందులో కొందరు తండ్రి పేరు రాస్తారు, కొందరు కుమార్ అని రాస్తారు. ఇంకొందరి పేరంతా ఒకే గడిలో పడి, అమెరికా వీసాలో మొదటి పేరు చోట ఎఫ్.ఎన్.యు. అని వస్తుంది. అంటే ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదని. ఒక శిష్యుడు నవ్వుతూనే చెప్పాడు, "సార్, ఆఫీసులో నన్ను ఫ్నూ అంటారు" అని.

ఇంటిపేర్లు వాటంతట అవి కూడా అంతరిస్తాయి. 1873లో ఫ్రాన్సిస్ గాల్టన్ ఒక పత్రికలో ఈ లెక్కనే ప్రశ్నగా వేశాడు. కొడుకుల ద్వారా మాత్రమే పేరు సాగితే ఎన్ని తరాలకు ఎన్ని పేర్లు మిగులుతాయి? మరుసటి ఏడు వాట్సన్ అనే గణితవేత్తతో కలిసి జవాబు రాశాడు. తర్వాతివాళ్ళు దాన్ని సరిదిద్ది తేల్చినదేమంటే, ఇంటికి సగటున ఒక్క కొడుకు మించకపోతే ఆ పేరు ఎప్పటికో ఒకప్పటికి ఆరిపోవడం ఖాయం. ఇప్పుడు మన ఇళ్ళల్లో ఒకరో ఇద్దరో పిల్లలు. అరుదైన ఇంటిపేర్లకు ఇది గడ్డుకాలమే. దత్తతలు కూడా తగ్గాయి. అయితే పేరు కొడుకుతోనే సాగాలని ఎక్కడుంది? నారాయణాచార్యుల కుమార్తె నాగపద్మిని గారు పుట్టపర్తి అన్న పేరుతోనే రచనలు చేస్తున్నారు.

ఈ పుస్తకంలో అన్నిటికంటే పెద్ద లోటు ఆడపిల్లలది. వాళ్ళు ఇక్కడ ఒక పేరుతో చదివారు, పెళ్ళితో ఇంటిపేరు మారింది. రిజిస్టరులో జి.లక్ష్మీదేవి. ఇప్పుడు ఆమె బెంగళూరులోనో, బళ్ళారిలోనో ఏ పేరుతో ఉందో ఆ రిజిస్టరు చెప్పదు. ప్రతిలో ఆడపిల్లల పేర్ల ఎదుట చిరునామా గడి చాలాచోట్ల ఖాళీగా ఉంది. బడికి రానందుకు కాదు, దొరకనందుకు.

కాబట్టి కార్యదర్శి గారికి నా మనవి. అచ్చుకు ఇంకో మూడు నెలలు ఆలస్యమైనా ఫరవాలేదు. ప్రతి పేరుకూ నాలుగు గడులు పెట్టండి. పుట్టింటి ఇంటిపేరు పూర్తిగా, మెట్టింటి ఇంటిపేరు పూర్తిగా, బడిలో చేరినప్పటి ఊరు, ఇప్పటి ఊరు. తండ్రిపేరు అక్షరంగా ఉంటే అది తండ్రిపేరని రాయండి. ఇంటిపేరు తెలియనివాళ్ళు ఇంటికి పోయి అవ్వనో తాతనో అడగండి. వాళ్ళు లేకపోతే ఊళ్ళో పెద్ద వయసు పూజారినో, వంశాల పేర్లు చెప్పే వృద్ధులనో అడగండి. కాగితాలు బయట బల్ల మీద పెట్టించాను, పెన్నులు కూడా ఉన్నాయి. భోజనాలకు పోయే ముందే రాసిచ్చి పోండి. భోజనాల తర్వాత మీరు దొరకరని నాకు తెలుసు. కె.నాగరాజులు పదకొండు మందిలో ఇక్కడ ఎంతమంది ఉన్నారో చేతులెత్తండి, మీతోనే మొదలుపెడదాం.