మరమ్మతులో జరిగిన నష్టానికి ఎవరు పూచీ?

(పాల సంఘాల అధ్యక్షులు, కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పశుగ్రాసం గురించి, పాల నాణ్యత గురించి ఉదయంనుంచి ఎన్నో మంచి సంగతులు విన్నాము. మాకు అప్పగించిన విషయం కొంచెం వేరు. ఒక వస్తువు బాగుచేయించబోతే పొరపాటున మరొకటి పాడవుతుంది. ఆ నష్టం ఎవరు భరించాలి? పనివాడా, పని చెప్పినవారా? మా సంఘంలో జరిగినదే మనవి చేస్తాము. అందులో మా తప్పు కూడా ఉంది. అది దాచితే ఈ మాటల వల్ల మీకు ప్రయోజనం లేదు.

మాది కోనసీమలో కాలువ గట్టున ఉన్న ఊరు. వేసవిలో కాలువలు కట్టేసిన రోజుల్లోనే మన డెల్టాలో లాకులకు, తూములకు మరమ్మతులు జరుగుతాయి. మేమూ అప్పుడే పాలకేంద్రంలో పనులు పెట్టుకున్నాము. సముద్రపు గాలి ఒకవైపు, రెండు పూటలా కడిగే నీళ్లు ఒకవైపు కలిసి ఎలక్ట్రానిక్ కాటా ఇనుమును తినేశాయి. పళ్లెం మోసే పై చట్రంలో ఒక మూల అతుకు ఊడింది. క్యాన్లు పెట్టే స్టాండు అతకడానికి వచ్చిన వెల్డింగు కుర్రవాడిని పిలిచి, "బాబూ, చేతిలో పనే గదా, దీనికీ ఒక టాకా వెయ్యి" అన్నాము. అతను మా ఊరివాడే. అతని తల్లి మా సంఘంలో సభ్యురాలు, రెండు గేదెల పాలు పోస్తుంది.

పది నిమిషాల్లో పని అయింది. అతుకు గట్టిగా కుదిరింది. అందరం సంతోషించాము.

ఆ సాయంత్రం పాలు పోసుకుంటున్నాము. వరుసలో సగంమంది అయ్యాక ఒక పెద్దమ్మ వచ్చింది. కాటా చూసి అక్కడే నిలబడిపోయింది. "నాయనా, ఈ తపేలా మెడదాకా ఉంటే నాలుగు లీటర్లని నా పెళ్లయిన దగ్గరనుంచీ ఎరుగుదును. ఇవాళ మూడున్నరేమిటి?" అంది. ముద్ర ఉన్న ఇరవై కిలోల రాయి తెచ్చి కాటామీద పెట్టాము. పదిహేడు చిల్లర చూపింది. తీసి మళ్లీ పెడితే ఇంకో అంకె చూపింది. వెంటనే కాటా ఆపి, మిగిలినవారి పాలు కొలపాత్రలతో పోయించుకున్నాము.

అసలు ఏం జరిగింది? ఎలక్ట్రానిక్ కాటాలో పై చట్రానికి, కింది చట్రానికి మధ్య లోడ్ సెల్ అనే లోహపు ముక్క ఉంటుంది. బరువు పడితే అది కంటికి కనపడనంతగా వంగుతుంది. దానికి అంటించిన సన్నని తీగల పట్టీలు ఆ వంపును విద్యుత్తు మార్పుగా చూపుతాయి. ఆ మార్పే అంకె అవుతుంది. వెల్డింగు వేసేటప్పుడు వంద ఆంపియర్ల దాకా, ఒక్కొక్కప్పుడు అంతకు మించి కరెంటు పారుతుంది. రాడ్డు పై చట్రంమీద, ఎర్తు కింది చట్రంమీద ఉంటే ఆ కరెంటుకు దారి లోడ్ సెల్ గుండానే. ఎర్తు కూడా అతుకు పక్కనే, పై చట్రానికే తగిలించి ఉంటే ఈ ప్రమాదం చాలావరకు తప్పేది. పళ్లెం చట్రాన్ని ఊడదీసి బయట అతికించి ఉంటే అసలు భయమే లేదు.

మర్నాడు కమిటీ కూర్చుంది. కోపంమీద రకరకాల మాటలు వచ్చాయి. కూలి ఇవ్వవద్దని ఒకరు, కొత్త కాటా కొనిపించాలని ఒకరు అన్నారు. "వాళ్ల అమ్మ పాల బిల్లులో కొంచెం కొంచెం పట్టేద్దాం, ఎక్కడికి పోతారు?" అని మరొకరన్నారు. ఆ మాటకు మాలో చాలామంది తల ఊపాము. ఆ సంగతి ఇవాళ చెప్పడానికి సిగ్గుగా ఉంది.

గోడలకు చెవులుంటాయి గదా. మధ్యాహ్నానికి ఆవిడ పాల పుస్తకం చేతపట్టుకుని వచ్చింది. "మావాడు పాడుచేస్తే వాణ్ణి పిలిచి అడగండి. నా పాలు నేను పోశానండి. ఈ పుస్తకంలో రాసిన డబ్బు నాది" అని ఒక్క మాట చెప్పి వెళ్లిపోయింది.

ఆవిడ మాటలో న్యాయం ఉంది, చట్టమూ ఉంది. కొడుకు పనిలో జరిగిన నష్టానికి తల్లి బాకీదారు కాదు. సభ్యుల పాల డబ్బు సంఘం దగ్గర ఉన్నది గనుక దానిమీద మనకు పెత్తనం ఉందనుకోవడం పొరపాటు. 1964 సహకార సంఘాల చట్టం 61వ సెక్షను కింద కొన్ని వివాదాలు రిజిస్ట్రారు ముందుకు వెళతాయి. అవి సంఘం నిర్వహణకు, వ్యవహారాలకు సంబంధించి సభ్యులు, పాలకవర్గం వంటివారి మధ్య వచ్చేవి. బయటి పనివాడితో వచ్చిన పేచీని ఆ దారిలో పెట్టి, సభ్యురాలైన తల్లిని ఇరికించడానికి వీలు లేదు. అంతకన్నా ముఖ్యం, ఒక్కసారి అలా పట్టుకుంటే రేపటినుంచి ఏ సభ్యురాలు నమ్మకంగా పాలు పోస్తుంది?

సాయంత్రం కుర్రవాడిని మర్యాదగా పిలిచి కూర్చోబెట్టాము. "ఎర్తు ఎక్కడ పెట్టావు బాబూ?" అని అడిగాము. "కింది చట్రానికే పెట్టానండి. లోపల అంత సున్నితమైన ముక్క ఉంటుందని నాకు తెలవదండి. మీరూ చెప్పలేదు గదండి" అన్నాడు. నిజమే. వైరు కూడా మేము తీయలేదు. అంతకన్నా పెద్ద తప్పు మాదే మరొకటి ఉంది. 2009 లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం కాటాలు బాగుచేయడానికి లైసెన్సు ఉన్న రిపేరరు కావాలి. బాగుచేసిన కాటాను మళ్లీ తనిఖీ చేయించి ముద్ర వేయించాకే వాడాలి. ఈ రెండూ చేయకుండా ఆ పూటే పాలు తూచింది మేము.

అప్పుడు నష్టాన్ని విడదీసి చూశాము. పాడైనది లోడ్ సెల్ ఒక్కటే. అది మార్చి, సరిచూస్తే కాటా పనిచేస్తుందని లైసెన్సు రిపేరరు చెప్పాడు. కనుక కొత్త కాటా అడగడం న్యాయం కాదు. 1872 కాంట్రాక్టు చట్టం 73వ సెక్షను కూడా మాట తప్పినందువల్ల సహజంగా కలిగిన నష్టాన్నే ఇప్పిస్తుంది. దూరపు నష్టాలను ఇప్పించదు. నష్టం తగ్గించుకోవడానికి మనకు ఏ మార్గాలున్నాయో కూడా లెక్కలోకి తీసుకుంటుంది.

పరిష్కారం ఇలా కుదిరింది. అతను అతికిన స్టాండుకు రావలసిన కూలి ముందు పూర్తిగా ఇచ్చేశాము. ఆ పనిలో లోపం లేదు. లోడ్ సెల్ ఖర్చు చెరిసగం అనుకున్నాము. తన సగాన్ని అతను డబ్బుగా కాక, తుప్పుపట్టిన కిటికీ చువ్వలు, గేటు అతికి పనిరూపంలో తీర్చాడు. ముద్ర రుసుము సంఘానిదే. ఇదంతా ఒక కాగితంమీద రాసి రెండు పక్షాలూ సంతకాలు చేశాము.

ఇక ఆ సాయంత్రం కాటా తక్కువ చూపినవారి సంగతి. మా క్యాన్లన్నీ శీతల కేంద్రంలో వాళ్ల కాటామీద తూగాయి. ఆ మొత్తంనుంచి కొలపాత్రలతో పోయించుకున్న పాలు తీసివేస్తే, మిగిలినది మొదటివారందరిదీ. దాన్ని వారి వెనుకటి అయిదు సాయంత్రాల సగటు ప్రకారం పంచి పుస్తకాల్లో సరిదిద్దాము. ఆ లెక్క బోర్డుమీద రాసి అందరికీ కనపడేలా పెట్టాము. తపేలా పెద్దమ్మ అంకె చదివించుకుని విని, తల ఊపి వెళ్లింది.

కూర్చుని మాట్లాడుకుంటే తెగని పేచీలు కూడా ఉంటాయి. అప్పుడేమిటి దారి? మొదటిది లోక్ అదాలత్. 1987 న్యాయ సేవల చట్టం కింద కేసు వేయకముందే అక్కడికి వెళ్లవచ్చు. రెండు పక్షాలూ ఒప్పుకున్న తీర్పుకు సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన బలం ఉంటుంది, దానిపై అప్పీలు లేదు. స్త్రీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. రెండవది జిల్లా వినియోగదారుల కమిషన్. 1986 చట్టం స్థానంలో 2019 చట్టం వచ్చి 2020 జూలైనుంచి అమలులో ఉంది. ఇంటి అవసరానికి డబ్బిచ్చి చేయించుకున్న పనిలో లోపం ఉంటే రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి. చెల్లించిన సొమ్ము అయిదు లక్షలు మించకపోతే రుసుము లేదు. వ్యాపార అవసరానికి చేయించిన పనికి మాత్రం ఈ దారిలో అభ్యంతరాలు వస్తాయి కనుక సంఘాలు ముందుగా న్యాయవాదిని అడగడం మంచిది.

మరొక మాట. మోటారో, ఫ్యానో షాపులో ఇచ్చి వచ్చినప్పుడు, మామూలు తెలివిగలవాడు తన సొంత వస్తువును చూసుకున్నంత జాగ్రత్తగా షాపువారు దానిని చూడాలని కాంట్రాక్టు చట్టం 151వ సెక్షను చెబుతుంది. అంత జాగ్రత్త తీసుకున్నా పాడైతే, వేరే ఒప్పందం లేనిదే, పూచీ వారిది కాదు. పని సక్రమంగా చేసిన షాపువారికి కూలి ముట్టేదాకా వస్తువు అట్టేపెట్టుకునే హక్కు కూడా ఉంది. కనుక గుంజుకురావడానికి వెళ్లవద్దు.

సంఘాలకు మా విజ్ఞప్తి ఇది. పని మొదలుపెట్టక ముందు ఏ వస్తువు ఏ స్థితిలో ఉందో పనివాడితో కలిసి చూసి, రాసుకోండి. పక్కన సున్నితమైనవి ఏమున్నాయో చెప్పండి. వైర్లు తీయించండి. కాటాను, కొవ్వు పరీక్ష యంత్రాన్ని లైసెన్సు లేనివారి చేతికి, తెలియనివారి చేతికి ఇవ్వకండి. ప్రతి పూటా తూకం మొదలుపెట్టే ముందు ముద్ర ఉన్న రాయి పెట్టి చూడండి. లాకులు బాగుచేశాక తలుపు ఎత్తి దించి చూసుకోకుండా కాలువకు నీళ్లు వదలరు. మన కాటాకూ అంతే.

నష్టం జరిగితే ఆ రోజే పిలిచి, ముందు అతని మాట వినండి. మీ తప్పు ఉంటే మీరే ముందు ఒప్పుకోండి. కూలి వేరు, నష్టం వేరు, పాల డబ్బు వేరు. ఈ మూడూ కలపకండి.

ఆ కుర్రవాడు ఇప్పటికీ మా సంఘానికి పని చేస్తున్నాడు. ఇప్పుడు అతనే ఎర్తు తగిలించే ముందు, "దీని లోపల ఏముందండి?" అని అడుగుతాడు. అతని తల్లి రెండు పూటలా పాలు పోస్తోంది.