ఉన్నతవిద్యయు ఉపాధియు : నేతకులమువారి విన్నపము
(వార్షిక మహాసభయందు గావించిన యుపన్యాసము)



ఉన్నతవిద్యకును ఉపాధికిని పొత్తు కుదుర్పవలసిన రాష్ట్రమండలినిగూర్చి ప్రసంగింపుమని ఆహ్వానసంఘమువారు మమ్ము కోరినారు. ఇది ప్రభుత్వమువారు చూచుకొనవలసిన పని, కులసభలో దీనికేమి ప్రసక్తి యని కొందరనుకొనవచ్చును. మగ్గముమీది సంపాదనతో పిల్లవానిని పట్టణమునకు చదువుకై పంపిన ప్రతి కుటుంబమునకును దీనితో ప్రసక్తి కలదు. పట్టా చేతబట్టుకొని యిల్లు చేరిన కుమారుడు, ఇక నేనేమి చేయవలెనని యడిగినప్పుడు తండ్రి చెప్పగల యుత్తరము మన యిండ్లలో నేడు దొరకుట లేదు. ఆ యుత్తరమును వెదకుటకే ఈ ప్రసంగము.

మన ప్రాంతమునకు చదువు క్రొత్తది గాదు. విజయనగరమున మహారాజావారి విద్యాలయము 1857వ సంవత్సరమున పాఠశాలగా వెలసి 1879లో కళాశాల యైనది. 1926లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పుట్టినది. దాని యుపాధ్యక్షులైన కట్టమంచి రామలింగారెడ్డిగారు శాస్త్రసాంకేతిక విద్యలు లేనిదే దేశమునకు పుష్టి కలుగదని యెంచి పూనుకొనగా, జయపుర మహారాజు విక్రమదేవవర్మగారు ఏటేట లక్షరూపాయల విరాళమిచ్చి యా శాఖను నిలిపిరి. ఒక దాత ధనమును ఒక విద్వాంసుని దూరదృష్టియు కలసినప్పుడు ఎంతటి కార్యము నెరవేరునో మన పోషకులు దీనివలన గ్రహింపవచ్చును.

ఇటీవలి యిరువది యేండ్లలో విద్యాలయములు మన గుమ్మములోనికే వచ్చినవి. 2008లో ఎచ్చెర్లయందు అంబేద్కరు విశ్వవిద్యాలయము స్థాపింపబడినది. శ్రీకాకుళమునకు 2016లో రాజీవ్‌గాంధి వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయపు ప్రాంగణము లభించినది. 2019లో విజయనగరమునకు కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయము వచ్చినది. 2007లో కళాశాలగా ప్రారంభమైన విజయనగరపు సాంకేతిక విద్యాలయము 2022లో గురజాడవారి పేరిట విశ్వవిద్యాలయ మైనది. 2008 ప్రాంతమున ఆరంభమైన బోధనారుసుముల చెల్లింపు పథకమువలన మన వెనుకబడిన కులముల బిడ్డలు వేలకొలది కళాశాలల మెట్లెక్కిరి. ఇది గొప్ప మేలు. దీనిని మరచుట కృతఘ్నత యగును.

ఐనను మేలువెంట ఒక కీడును వచ్చినది. రుసుము ప్రభుత్వము చెల్లించుచుండగా అవిభక్త రాష్ట్రమున ఇంజనీరింగు కళాశాలలు ఆరువందలకు పైబడి పెరిగినవి. ఏ విద్యకు ఎందరు కావలయును, ఏ ప్రాంతమున ఏ పని కలదు అని ముందుగా లెక్కించినవారు లేరు. తరువాత సీట్లు నిండక అనేక కళాశాలలు మూతపడినవి. అందు చదివిన పిల్లల మూడునాలుగేండ్ల కాలమును మాత్రము వారికి తిరిగి ఇచ్చినవారు లేరు.

ఈ చిక్కు నేటిది గాదు. చదివినవారి నిరుద్యోగమును విచారించుటకు సంయుక్తరాష్ట్రములలో సర్ తేజబహదూర్ సప్రూగారి యధ్యక్షతన ఏర్పడిన సంఘము 1935లో తన నివేదిక నొసంగినది. 1937లో అబ్బటు, వుడ్డు అను నిరువురు ఆంగ్లేయులు మనదేశపు వృత్తివిద్యను పరిశీలించి సూచనలు చేసిరి. 1964 మొదలు 1966 వరకు పనిచేసిన కొఠారీ సంఘమును వృత్తివిద్యను బలపరుపుమనియే చెప్పినది. నివేదికలకు కొదువ లేదు. వానిని అమలుజరుపు అధికారముగల యొక పీఠమే కొదువ.

అట్టి పీఠమునకు బీజము మన రాష్ట్రముననే పడినది. 1986 నాటి జాతీయవిద్యావిధానము ప్రతి రాష్ట్రమునను ఉన్నతవిద్యామండలి యుండవలెనని సూచింపగా, దేశమునందలి యన్ని రాష్ట్రములకంటె ముందుగా ఆంధ్రప్రదేశము 1988లో 16వ శాసనముచే అట్టి మండలి నేర్పరచినది. విశ్వవిద్యాలయముల నడుమ సమన్వయము, ప్రవేశపరీక్షల నిర్వహణము, పాఠ్యప్రణాళికల సంస్కరణము దాని పనులు. 2014లో రాష్ట్రము విడిపోగా తెలంగాణమును తనకొక మండలిని నెలకొల్పుకొన్నది.

ఇక లోపమెక్కడ? పట్టా ఇచ్చునది విశ్వవిద్యాలయము. నైపుణ్యము నేర్పుటకు 2014లో వేరొక సంస్థ పుట్టినది. అప్రెంటిసుల పనినేర్పు 1961 నాటి శాసనముక్రింద మరియొక శాఖ చేతిలో నున్నది. పరిశ్రమలకు అనుమతులిచ్చువారు ఇంకొకరు. ఈ నాలుగు ద్వారములును నాలుగు వీధులలో నున్నవి. ఒక ద్వారమువద్ద నిలిచినవానికి రెండవదాని జాడ తెలియదు. 2023లో మూలపేట రేవునకును భోగాపురపు విమానాశ్రయమునకును శంకుస్థాపనలు జరిగి పనులు సాగినవి. పైడిభీమవరమున ఔషధ పరిశ్రమలు నెలకొన్నవి. వీనియందు ఎట్టి పనివారు ఎందరు కావలయునో ముందుగా తెలిసికొని, మన కళాశాలలలో తదనుగుణమైన విద్యలను ఏర్పాటుచేయు బాధ్యత యెవరిది? నలుగురిదియు నన్నచో ఎవరిదియు గాదు. కావుననే, 1988 నాటి మండలికి ఈ బాధ్యతను శాసనముచేతనే అప్పగింపవలెను, లేదా విద్యాసంస్థలవారును పరిశ్రమలవారును పనివారును సమానముగా కూర్చుండు క్రొత్త మండలి నేర్పరుపవలెనని మేము విన్నవించుచున్నాము.

జర్మనీదేశమున 1969 నాటి శాసనముప్రకారము వృత్తివిద్యకు పాఠ్యక్రమమును నిర్ణయించుటలో యజమానుల ప్రతినిధులు, కార్మికుల ప్రతినిధులు, ప్రభుత్వమువారు కలసి కూర్చుందురు. పిల్లవాడు వారములో కొన్నిదినములు కర్మాగారమునను కొన్నిదినములు పాఠశాలయందును నేర్చును. మనరాష్ట్రమునందును 2020-21 విద్యాసంవత్సరమునుండి డిగ్రీ విద్యార్థులకు పది నెలల ఇంటర్న్‌షిప్పు విధింపబడినది. ఉద్దేశము మెచ్చదగినదే. కాని నేర్పెడు కార్యక్షేత్రము దగ్గర లేనిచోట విద్యార్థికి ధ్రువపత్రము మిగులును గాని పనితనము మిగులదు. ఆ కార్యక్షేత్రమును వెదకి యిచ్చుటయే మండలి చేయవలసిన పని.

ఇప్పుడు మన యింటి సంగతి. పొందూరు సన్నఖాదీ ఖ్యాతి మీకు మేము చెప్పవలసినది గాదు. కొండపత్తిని వాలుగచేప దవడ యెముకతో దువ్వి, గింజ తీసి, ఏకి, ఏకులుచుట్టి, అరటిడొప్పలో భద్రపరచి, ఒంటికదురు రాట్నముమీద నూరవ నంబరు నూలు తీయు స్త్రీలు మన కులమువారు. నూరవ నంబరనగా పౌను బరువునకు 84,000 గజముల దారము, అనగా నలువదియేడు మైళ్లకు పైమాట. ఇంతటి శాస్త్రము చేతివ్రేళ్లలో గలిగిన తల్లి, జనాభా లెక్కలు వ్రాయువాని పుస్తకములో నిరక్షరాస్యురాలు. 2019-20 నాటి చేనేతగణనములో దేశమంతట ముప్పదియైదు లక్షలకు పైబడిన నేతపనివారు తేలగా, పదిమందిలో ఏడుగురికి పైగా స్త్రీలే. వారి విద్యకు పట్టా లేదు. ఆ విద్య నేర్వవలెనన్నచో మన పిల్లలకు కళాశాలయు దగ్గర లేదు. చేనేత నాయకులు ప్రగడ కోటయ్యగారి పేరిటి చేనేత సాంకేతికసంస్థ రాష్ట్రపు దక్షిణపుకొస వెంకటగిరిలో నున్నది.

దీనికి సరిపోల్చదగిన యుదాహరణము విజయనగరముననే కలదు. సంగీతమును ఒకప్పుడు గురువు నింట నుండి నేర్చెడివారు. 1919లో విజయనగరమున సంగీతకళాశాల స్థాపింపబడినది. ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి ప్రథమాధ్యక్షులు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు అచ్చట ఆచార్యులై, పిదప అధ్యక్షులై వెలసిరి. గురువునొద్ద నున్న విద్యకు పాఠశాలయు, పరీక్షయు, ఆచార్యునకు జీతమును, శిష్యునకు పట్టాయు ఏర్పడినవి. విద్య చెడలేదు. తరతరములకు నిలిచినది. వీణ వాయించు వ్రేళ్లకు దక్కిన గౌరవము నూలు తీయు వ్రేళ్లకు ఏల దక్కరాదు?

ఇచ్చట నొక యాక్షేపణము వచ్చును. అది మన సభలోనే వచ్చుననియు మేమెరుగుదుము. చదువును పనికి ముడిపెట్టుట యనగా నేతవాని కొడుకును మరల గుంటమగ్గములో దింపుట గాదా యని పెద్దలడుగుదురు. ఈ భయము నిరాధారము గాదు. 1953లో చెన్నరాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారిగారు పల్లెబడులలో మూడుగంటలు చదువు, తక్కిన కాలము తలిదండ్రుల వృత్తి యను పద్ధతిని ప్రవేశపెట్టిరి. దానిని కులవిద్య యని జనులు నిరసించిరి. 1954లో వారు పదవి విడిచిన పిదప కామరాజుగారి ప్రభుత్వము దానిని రద్దుచేసినది. అట్టిది మరల రాగూడదు. బిడ్డ యే కులమున పుట్టెనో ఆ పనికే కట్టుబడవలె ననుట విద్య గాదు, సంకెల.

మేము కోరునది దానికి విరుద్ధమైనది. నేతవిద్య నేతకులమువానికి మాత్రమే గాక ఎల్లరకును తెరచి యుండవలెను. నేతకులపు బిడ్డకు వైద్యము, న్యాయశాస్త్రము, యంత్రశాస్త్రము అన్నియు తెరచి యుండవలెను. మగ్గమును ఎన్నుకొన్నవానికి మాత్రము ఆ యెన్నిక చిన్నతనము గారాదు. డిప్లొమానుండి డిగ్రీకి, డిగ్రీనుండి పరిశోధనమునకు మెట్లుండవలెను. 2023లో వెలువడిన జాతీయ క్రెడిట్ల విధానము ఇట్టి మెట్లకు వీలు కల్పించినది. 2022లో విశ్వవిద్యాలయ నిధులసంఘమువారు ప్రకటించిన నియమములచే పట్టములు లేకున్నను అనుభవజ్ఞులైన పనివారిని ఆచార్యులుగా నియమించుకొనవచ్చును. శాసనము దారి యిచ్చినది. నడచువారే కావలయును.

మరియొక యాక్షేపణము: రేపటి కొలువులను నేడే యెవరు లెక్కింపగలరు? నిజమే. పదియేండ్ల తరువాతి కొలువులను లెక్కగట్టుట జోస్యము. కాని నిన్న పట్టా పుచ్చుకొన్నవాడు నేడేమి చేయుచున్నాడో తెలిసికొనుట జోస్యము గాదు. 2024లో రాష్ట్రప్రభుత్వమువారు మంగళగిరి ప్రాంతమున నైపుణ్యగణనమును ప్రయోగముగా ఆరంభించిరి. దానికి జోడుగా పట్టభద్రుల గణనమును జరుపవలెను. ప్రతి కళాశాలయు తన విద్యార్థులు ఏడాదికిని మూడేండ్లకును ఏ పనిలో కుదిరిరో, ఎంత యార్జించుచున్నారో ప్రకటింపవలెను. అప్పుడు తండ్రి కళాశాలను ఎన్నుకొనునది గోడమీది ప్రకటన చూచి గాక, లెక్క చూచి.

కావున ఈ మహాసభ తీర్మానింపవలసినవిగా మాకు తోచిన నాలుగంశములను మనవి చేయుచున్నాము.

మొదటిది, ఉన్నతవిద్యామండలికి ఉపాధి సమన్వయమును శాసనబద్ధమైన విధిగా చేర్చి, అందు పరిశ్రమల, కార్మికుల, చేతివృత్తుల సహకారసంఘముల ప్రతినిధులకు స్థానమిచ్చి, ఉత్తరాంధ్రమునకై దాని శాఖను శ్రీకాకుళముననో విజయనగరముననో నెలకొల్పవలెను. రెండవది, పట్టభద్రుల గణనము ఏటేట ప్రకటింపబడవలెను. మూడవది, మన రెండు జిల్లాల విశ్వవిద్యాలయములలో నొకదానియందు నేత, రంగులు, వస్త్రవ్యాపారము నేర్పు శాఖ నేర్పరచి, పొందూరు నూలుకత్తెలను జీతమిచ్చి బోధకులుగా నియమింపవలెను. నాలుగవది, ఏ వృత్తివిద్యకును కులమునుబట్టి ప్రవేశము గాని నిర్బంధము గాని యుండరాదు.

ప్రభుత్వమును అడుగుటతో మన పని తీరదు. మన కులమున పట్టభద్రులెందరో, వారెచ్చట నున్నారో మన సంఘమువద్దనే పట్టిక లేదు. వచ్చు మహాసభలోపల గ్రామగ్రామమునను దానిని సిద్ధము చేయవలెను. కార్ఖానాలు, దుకాణములు, లెక్కల కార్యాలయములు గల పోషకులు ఒక్కొక్కరు ఏటికి ఇద్దరు విద్యార్థులకు భృతి నిచ్చి పని నేర్పినచో, ఇంటర్న్‌షిప్పు కాగితము గాక నిజమైన శిక్షణ యగును. ఈ సంచికలో విరాళములు వ్రాసిన మహాశయులు ఆ పంక్తి ప్రక్కనే, నేర్పదలచిన విద్యార్థుల సంఖ్యను గూడ వ్రాయించుకొందురని ఆశించుచున్నాము.

మన పెద్దలు మగ్గమునకు పడుగు పోయునప్పుడు ఒక్క పోగు తెగినను ఆగి, అతికి, పిదపనే ముందునకు సాగెడివారు. చదువునకును పనికిని నడుమ తెగిన పోగును ఇపుడు అతుకవలసియున్నది. అధ్యక్షులవారు ఈ తీర్మానములను సభవారి యెదుట నుంచి, అంగీకృతములైన పిదప ప్రభుత్వమువారికి పంపుదురుగాక యని ప్రార్థించుచున్నాము.