డబ్బు పంపే ముందు, పోయిన తరువాత



వి.పి.పి. పార్సిలు మనకు కొత్త కాదు. సరుకు గుమ్మం ముందుకు వచ్చాకే పోస్టుమాన్ చేతిలో డబ్బు పెట్టేవాళ్లం. మధ్యలో తపాలా శాఖ ఉండేది. 2016లో వచ్చిన యు.పి.ఐ.లో అలా సరుకు అందేదాకా డబ్బు ఆపి ఉంచేవారు లేరు. పిన్ నొక్కగానే అవతలి ఖాతాలో పడుతుంది. అందుచేత పొందూరు ఖద్దరైనా, పలాస జీడిపప్పైనా, పరిచయం లేనివారి దగ్గర కొంటే సరుకు అందాకే చెల్లించమని నా మనవి. అమ్మేవారు ఎదుటివారు ఫోనులో చూపే రసీదు కాక, తమ ఖాతాలో జమ చూసుకోవాలి. డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు, అడిగితే మోసమే.

మనకు తెలియకుండా డబ్బు పోతే? తప్పు మనదీ బ్యాంకుదీ కానప్పుడు, బ్యాంకు సమాచారం అందిన 3 పనిదినాల్లో ఫిర్యాదు చేస్తే నష్టం ఖాతాదారుపై పడదని రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఉత్తర్వు ఇచ్చింది. పిన్ మనమే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేదాకా పోయినదంతా మన ఖాతాలోదే. కనుక పిల్లలు ఏమంటారోనని దాచకండి. శ్రీకాకుళంలో ఉన్నా, విజయనగరంలో ఉన్నా, వెంటనే 1930కి ఫోను చేయండి. బ్యాంకుకు చెప్పి ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఇక్కడ ఆలస్యమే అసలు నష్టం.