ఫుట్‌బాలు పందెములు - జనరక్షణము



పందెపు మైదానములందు జనులు మడిసినప్పుడెల్ల ప్రేక్షకుల అల్లరియే కారణమని తీర్పు చెప్పుట మనకు పరిపాటియైనది. అల్లరి లేదని మేమనము. 1980 ఆగస్టు 16వ తేదీన కలకత్తా ఈడెన్ గార్డెన్సునందు మోహన్ బగాన్, ఈస్టు బెంగాలు జట్ల అభిమానులు కలహింపగా, తొక్కిసలాటలో 16 మంది మృతినొందిరి. అయినను ఇంగ్లండున షెఫీల్డు నగరములోని హిల్స్‌బరో మైదానమున 1989 ఏప్రిలు 15వ తేదీన జరిగినది వినుడు.

వెలుపలి ప్రవేశమార్గములు ఇఱుకు. సమ్మర్దము మిక్కుటము కాగా పోలీసు అధికారి ఆజ్ఞపై నిష్క్రమణద్వారము తెఱచిరి. లోపలి నడిమి దొడ్లు (దొడ్లనియే అనవలెను, పశువులకువలె ఇనుపకంచెలు కట్టిరి గదా!) అప్పటికే క్రిక్కిఱిసియుండెను. వానికిఁబోవు సొరంగమార్గమును మూయుఁడని చెప్పిన నాథుఁడు లేఁడు. ద్వారమునఁబడి వచ్చిన సుమారు రెండువేలమందిలోఁ బెక్కురు అందులోనికే నడచిరి. ముందున్నవారు నిలిచినచోటనే ఊపిరాడక నలిగిరి. ఆనాఁటి గాయములచే తుదకు 97 మంది అసువులు బాసిరి.

ప్రేక్షకులే ద్వారమును బలిమిఁ దెఱచిరని అధికారి అప్పుడే చెప్పెను. అది అసత్యము. 1990లో టేలరు న్యాయమూర్తి సలహాపై కంచెలు తీసి, పెద్దజట్ల మైదానములందు ఎల్లరకును ఆసనము లేర్పఱచిరి. నింద మాత్రము తొలఁగలేదు. పోలీసుల వాఙ్మూలములు 164 దిద్దఁబడెనని 2012లో స్వతంత్రమండలి బయల్పెట్టెను. ఆత్మీయులను గోల్పోయిన కుటుంబములు 27 ఏండ్లు పోరాడఁగా, ఆ మరణములు చట్టవిరుద్ధమగు వధలనియు, ప్రేక్షకులయందు దోషము లేదనియు 2016లో జూరీవారు తీర్మానించిరి. ఆ మరణములకై ఒక్క పోలీసు అధికారికిని శిక్ష పడలేదు.